మూడో నెల దాకా ఎందుకాగాలి?

ఈమధ్య వచ్చిన ఉత్తరాల కట్టలోంచి ఒకదాన్ని తీసి విడిగా పెట్టుకున్నాను. గోదావరి జిల్లాలోని ఒక పల్లెటూరినుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం అది. మూడు పేజీలు రాసింది గాని, అడిగింది ఒక్కటే ప్రశ్న. ఆ ప్రశ్న ఆమె ఒక్కతెదీ కాదు. పైకి చెప్పుకోలేక మనసులోనే దాచుకున్న కోడళ్ళు మన పాఠకురాళ్ళలో ఇంకా ఎందరో వుంటారు. అందుచేత ఊరూ పేరూ తీసేసి, ఆమె అనుమతి తీసుకునే, సంగతి ఇక్కడ పెడుతున్నాను.

ఆమెకు పెళ్ళయి మూడేళ్ళయింది. కిందటేడు నెల తప్పితే సంతోషం పట్టలేక భర్తను వెంటబెట్టుకుని ఆటోలో పట్నం వెళ్ళి డాక్టరుకు చూపించుకుని వచ్చింది. ఆ తరవాత వారం తిరక్కుండానే కడుపు పోయింది. ఆటో కుదుపువల్లే పోయిందని అత్తగారి నమ్మకం. ఇప్పుడు మళ్ళీ నెల తప్పి 12 రోజులయింది. “మూడో నెల నిండేదాకా పక్కింటివాళ్ళకు కూడా తెలియకూడదు, ఐదో నెల వచ్చాక ఆస్పత్రి సంగతి చూద్దాం, అంతవరకు గడప దాటవద్దు” అన్నారట అత్తగారు. భర్తను అడిగితే “పెద్దావిడ చెప్పినట్టు వినరాదూ?” అని ఊరుకున్నాడు. “ఆవిడ చెడ్డవారు కారండీ, నన్ను కూతురికన్న ఎక్కువగా చూస్తారు. అందుకే ఎదురు చెప్పలేకపోతున్నాను. మీరైనా చెప్పండి, ఐదో నెల దాకా ఆగితే ఏమవుతుంది?” ఇదీ ఆమె ప్రశ్న.

ఆమెకు జవాబు ఆ రోజే విడిగా రాసి పోస్టులో వేశాను. మన పత్రిక అచ్చయి చేతికందేదాకా ఆగే వ్యవహారం కాదది. ఎందుకు కాదో చెప్పడమే ఈ వారం నా పని.

మొదట ఆ పాపం ఆటో సంగతి తేల్చుకుందాం. నెల తప్పిందని తెలిసిన స్త్రీలలో నూటికి పది పదిహేనుమందికి కడుపు నిలవదు. అందులో ఎక్కువభాగం మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది. అలా పోయినవాటిలో సుమారు సగం, పిండం ఏర్పడిననాడే క్రోమోజోముల లెక్క తప్పినందువల్ల పోతాయి. అంటే ఆమె ఆటో ఎక్కకముందే, అసలు నెల తప్పకముందే, ఆ నిర్ణయం జరిగిపోయి వుంటుందన్న మాట. ఆటో కుదుపుకీ, మెట్లెక్కడానికీ, బిందె ఎత్తడానికీ, బొప్పాయి ముక్కకీ ఈ నింద కట్టబెట్టి, ఎంతమంది ఆడపిల్లలు జన్మంతా తమనే తిట్టుకుంటున్నారో! డాక్టరు దగ్గరకు వెళ్ళినందువల్ల కడుపు పోలేదు, తల్లీ. వెళ్ళకపోయినా పోయేదే. ముందు ఈ బరువు దింపుకోండి.

ఇక అత్తగారి మాట. ఆవిడను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. “మూడో నెల దాకా చెప్పకు” అనే ఆచారంలో దిష్టి భయం ఒకటే లేదు, దయ కూడా వుంది. తీరా పదిమందికీ చెప్పాక ఆ కడుపు నిలవకపోతే, వచ్చేపోయే ప్రతివాళ్ళకూ ఆ పిల్ల సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ బాధ తప్పించాలని మన పెద్దవాళ్ళు ఈ కట్టడి పెట్టారు. పైగా వాళ్ళ కాలంలో తొందరపడి డాక్టరు దగ్గరకు పరుగెత్తినా, డాక్టరు చెయ్యగలిగింది పెద్దగా ఏమీ లేదు.

ఈ మాట అత్తగారి తరఫున వకాల్తా పుచ్చుకుని అంటున్నది కాదు. గర్భిణులను కాన్పుకు ముందునుంచే ఆస్పత్రిలో చూడాలనే ఆలోచన స్కాట్లండులో, ఎడింబరో పట్నంలో, బాలంటైన్ అనే డాక్టరు గట్టిగా ప్రచారం చేశాడు. 1901లో అక్కడి ప్రసూతి ఆస్పత్రిలో అలాంటివారి కోసం ఒక్కటంటే ఒక్క మంచం వేశారు. 1929లో బ్రిటిషు ఆరోగ్యశాఖ ఒక పద్ధతి ఏర్పరిచింది: మొదటి పరీక్ష 16వ వారంలో, తరవాత 24లో, 28లో, ఆపైన పక్షానికొకసారి, చివరి నెలలో వారానికొకసారి. ప్రపంచంలో చాలా దేశాలు దాన్నే చాలాకాలం పాటించాయి. 16వ వారమంటే నాలుగో నెల దాకా అనే కదా! మన అత్తగార్లు చెప్పే లెక్కకూ, ఆనాటి పెద్ద డాక్టర్ల లెక్కకూ పెద్ద తేడా లేదు. కడుపు పైకి కనిపిస్తేగాని చేత్తో తడిమి చూడలేరు, గొట్టం పెట్టి గుండె చప్పుడు వినలేరు. అంతకుముందు వెళ్ళి ఏం లాభం?

1958లో గ్లాస్గో నగరంలో ఇయన్ డోనాల్డ్ అనే డాక్టరు, చెవికి వినిపించనంత సూక్ష్మమైన శబ్దతరంగాలతో కడుపులోని బిడ్డను చూడవచ్చునని తన సహచరులతో కలిసి ప్రకటించాడు. అదే మనం ఇవాళ స్కానింగు అంటున్నది. ఆ తరవాత రక్తపరీక్షలు పెరిగాయి. దానితో లెక్క తలకిందులైంది. 2011లో లండనులోని నికొలైడిస్ అనే డాక్టరు, పాత పద్ధతిని తిరగేసి, చివరి నెలల్లో పెట్టే శ్రద్ధను మొదటి మూడు నెలల్లోకి తీసుకురావాలని రాశాడు. ఎందుకంటే రాబోయే చిక్కుల్లో చాలావాటిని 11, 12, 13 వారాల్లోనే పసిగట్టవచ్చు. కాబట్టి మీ అత్తగారు చెప్పింది అబద్ధం కాదు. పాతబడిన నిజం, అంతే.

ఇప్పుడు వారాల లెక్క చూద్దాం. చాలామంది ఇక్కడే పొరబడతారు. డాక్టర్లు గర్భాన్ని లెక్కపెట్టేది నెల తప్పిన రోజునుంచి కాదు, ఆఖరుసారి బయట చేరిన మొదటి రోజునుంచి. కనక నెల తప్పిందని మీరు గమనించేనాటికే నాలుగు వారాలు ఖాతాలో పడిపోయి వుంటాయి. ఉత్తరం రాసిన సోదరికి నెల తప్పి 12 రోజులంటే, ప్రతి నెలా 28 రోజులకు సరిగ్గా వచ్చే మనిషైతే, 40 రోజులు గడిచాయన్న మాట. ఆరో వారం నడుస్తోంది! ఈ లోపల కడుపులో ఏం జరిగింది? బిడ్డ గుండె కొట్టుకోవడం మొదలుపెట్టింది. మెదడు, వెన్నుపాము తయారయ్యే సన్నని గొట్టం ఒకటి వుంటుంది, అది ఆరో వారం ముగిసేసరికి మూసుకుంటుంది. సరిగా మూసుకోకపోతే బిడ్డకు వెన్నులో లోపం వస్తుంది, ఒక్కొక్కప్పుడు తలపైభాగమే ఏర్పడదు.

ఆ గొట్టం సరిగా మూసుకోవడానికి కావలసిన విటమిను ఫోలిక్ యాసిడ్. అంతకుముందు ఇలాంటి బిడ్డను కన్న తల్లులకు మళ్ళీ గర్భం రాకముందునుంచే ఈ మాత్ర ఇచ్చి చూస్తే, లోపం మళ్ళీ రావడం నూటికి 72 వంతులు తగ్గిందని 1991లో ఒక పెద్ద పరిశీలన తేల్చింది. రోజుకు 400 మైక్రోగ్రాముల చిన్న మాత్ర. ధర కూడా స్వల్పమే. బిడ్డ కావాలనుకున్నప్పుడే, కనీసం ఒక నెల ముందుగా మొదలుపెట్టి, 12వ వారం దాకా వేసుకోవాలి. చక్కెర జబ్బు వున్నవాళ్ళకూ, మూర్ఛకు మందులు వాడేవాళ్ళకూ, ఇదివరకు ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టినవాళ్ళకూ మోతాదు ఎక్కువ కావాలి, అది డాక్టరే చెప్పాలి. ఐదో నెలలో మొదలుపెడితే? వూళ్ళోకి వరద వచ్చి పోయాక గట్టు వేసినట్టు వుంటుంది.

కనక నెల తప్పిన వారం రోజుల్లో చెయ్యవలసిన మొదటి పని మూత్ర పరీక్ష. ఒకప్పుడు దీనికోసం చుంచెలుకలకూ కప్పలకూ సూదిమందులు ఎక్కించి, రోజులతరబడి ఎదురుచూసేవారు. ఇప్పుడు మందులషాపులో దొరికే చిన్న పట్టీ మీద, తెల్లవారి లేవగానే పట్టిన మూత్రం నాలుగు చుక్కలు వేస్తే ఐదు నిమిషాల్లో గీతలు తెలుస్తాయి. షాపులో అడగడానికి మొహమాటమైతే ఊళ్ళో ఆశా కార్యకర్తను అడగండి. ఆమె దగ్గర ‘నిశ్చయ్’ అనే పట్టీ ఉచితంగా దొరుకుతుంది.

రెండో పని, ఎనిమిది వారాల లోపల, ఎంత ఆలస్యమైనా 12 వారాలు దాటకుండా, డాక్టరునో, ఊళ్ళోకి వచ్చే నర్సమ్మనో కలుసుకుని పేరు నమోదు చేయించుకోవడం. మన ప్రభుత్వపు లెక్క ప్రకారం కూడా మొదటి పరీక్ష 12 వారాల లోపలే జరగాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద తల్లుల్లో నూటికి 70 మంది మొదటి మూడు నెలల్లో పరీక్ష చేయించుకున్నట్టు తేలింది. మిగిలిన ముప్పైమందిలో, మన సోదరి మాదిరిగా ఇంట్లోనే ఆగిపోయినవాళ్ళు ఎందరో!

ఆ మొదటిరోజు ఏం చూస్తారు? బరువు, ఎత్తు, రక్తపు పోటు. మూత్రంలో ఆల్బుమిను, చక్కెర. రక్తంలో హిమోగ్లోబిను, గ్రూపు, హెచ్.ఐ.వి., సిఫిలిస్, హెపటైటిస్ బి. థైరాయిడు కూడా చూడమని చాలామంది డాక్టర్లు చెబుతారు. గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటల తరవాత చక్కెర చూస్తారు, అది 140 దాటకూడదు. హిమోగ్లోబిను 11కు తగ్గితే రక్తహీనత కింద లెక్క. ఇందాక చెప్పిన సర్వేలోనే దేశంలోని గర్భిణుల్లో నూటికి 52 మందికి రక్తహీనత వున్నట్టు బయటపడింది. రక్తం పట్టడానికి నెలలు కావాలి. రెండో నెలలో తెలిస్తే తీరిగ్గా సరిదిద్దుకోవచ్చు. ఎనిమిదో నెలలో తెలిస్తే సీసాలు ఎక్కించుకోవలసి వస్తుంది.

డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు, మీరు వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. మూర్ఛకు వాడేవి, రక్తపోటుకు వాడేవి, మొటిమలకు వాడేవి కొన్ని మొదటి వారాల్లోనే బిడ్డకు హాని చేస్తాయి. అలాగని మీకు మీరే మానెయ్యకూడదు. మూర్ఛ మందు హఠాత్తుగా మానితే తల్లికే ప్రమాదం. మార్చవలసింది డాక్టరు మారుస్తారు. నాటుమందులు, చూర్ణాలు తీసుకుంటూ వుంటే అవి కూడా దాచకుండా చెప్పండి.

స్కానింగు అనగానే “బిడ్డకు వేడి చేస్తుంది, కిరణాలు తగులుతాయి” అని భయపడేవాళ్ళున్నారు. అది ఎక్స్‌రే కాదు, శబ్దం. అవసరమైనప్పుడు డాక్టరు చేయించే స్కానింగువల్ల బిడ్డకు హాని కలుగుతుందని రుజువు లేదు. ఒకసారి కడుపు పోయినవాళ్ళూ, నొప్పి గాని రక్తం కనబడటం గాని వున్నవాళ్ళూ 6, 8 వారాల మధ్యనే ఒకసారి చేయించుకోవలసి వుంటుంది. పిండం గర్భసంచిలోనే వుందా, లేక దారిలోని గొట్టంలో ఇరుక్కుందా, గుండె కొట్టుకుంటోందా అన్నది అప్పుడు తెలుస్తుంది. గొట్టంలో ఇరుక్కుని పగిలితే లోపల్లోపలే రక్తం కారి తల్లి ప్రాణానికే ముప్పు. ‘ఐదో నెల దాకా ఆగుదాం’ అనే మాట అటువంటప్పుడు అక్షరాలా ప్రాణం తీస్తుంది.

మిగిలిన వాళ్ళందరికీ ముఖ్యమైన స్కానింగు 11 వారాలు నిండినప్పటినుంచి 14వ వారం నిండేలోపల. దీన్నే మన ఊళ్ళల్లో కూడా ఎన్.టి. స్కాన్ అంటున్నారు. బిడ్డ మెడ వెనక చర్మం కింద పలచని నీటిపొర వుంటుంది, దాని మందం కొలుస్తారు. దానితోబాటు డబుల్ మార్కర్ అనే రక్తపరీక్ష చేస్తారు. రెండూ కలిపి చూసి, బిడ్డకు డౌన్ సిండ్రోం వంటి క్రోమోజోము లోపం వుండే అవకాశం ఎంతో లెక్క కడతారు. అవకాశం అన్నాను, గుర్తుంచుకోండి. ఎక్కువ అని వచ్చినంతమాత్రాన లోపం వున్నట్టు కాదు. నిజం తేల్చడానికి మాయనుంచి గాని, 15 వారాలు దాటాక ఉమ్మనీటినుంచి గాని కొద్దిగా తీసి పరీక్షిస్తారు. దానిలో కొద్దిపాటి ప్రమాదం వుంది కనక, చేయించుకోవాలా వద్దా అన్నది డాక్టరుతో మాట్లాడి భార్యాభర్తలు నిర్ణయించుకోవాలి. ఈ మూడు వారాల గడువు దాటితే ఎన్.టి. కొలత పనికిరాదు. 15–20 వారాల మధ్య వేరే రక్తపరీక్ష వుంది గాని, అది మొదటిదానంత గట్టిది కాదు.

ఆ సమయంలోనే డాక్టరు మరొకటి కూడా చూస్తారు. కాన్పు ముందు రక్తపోటు పెరిగి గుర్రపువాతం వచ్చే ప్రమాదం ఎవరికి ఎక్కువో అంచనా వేసి, అలాంటివాళ్ళకు 16 వారాల లోపల చిన్న మోతాదు ఆస్పిరిను మొదలుపెడతారు. ఆలస్యంగా మొదలుపెడితే అంత గుణం వుండదు. ఇది డాక్టరు చెబితేనే వేసుకోవాలి సుమా, తలనొప్పి మాత్ర అనుకుని ఎవరికి వారు వేసుకునేది కాదు.

ఈ స్కానింగువల్ల ఇంకొక పెద్ద ఉపకారం వుంది: తేదీ ఖరారవుతుంది. మా వీధి చివరింటి అమ్మాయి సంగతి చెబుతాను. ఆమెకు నెలలు ఒక క్రమంలో రావు. ఏ తేదీన బయట చేరిందో గుర్తులేదు. మొదటిసారి ఏడో నెలలో తీసుకెళ్ళారు. బిడ్డ ఉండవలసినదానికన్న చిన్నదిగా వుంది. ఎదగక చిన్నదిగా వుందా, లేక నెలల లెక్కే తప్పా? డాక్టరమ్మ చెప్పలేకపోయింది. పదిహేను రోజులాగి మళ్ళీ చూద్దామంది. ఆ పదిహేను రోజులూ ఆ ఇంట్లో ఎవరూ కంటినిండా నిద్రపోలేదు. చివరికి నెలల లెక్కే తప్పని తేలి, పిల్ల క్షేమంగా పుట్టింది. కాని బిడ్డ నిజంగా ఎదగకుండా వుంటే, ఆ పదిహేను రోజులు ఎంత ఖరీదైనవి! మూడో నెలలో ఒక్కసారి కొలిచి వుంటే ఐదారు రోజుల తేడాతో లెక్క తేలిపోయేది. తేదీ బాగా గుర్తుండి, నెలలు సక్రమంగా వచ్చేవాళ్ళు ఇంట్లోనే లెక్క కట్టుకోవచ్చు. ఆ తేదీకి తొమ్మిది నెలలా ఏడు రోజులు కలపండి. జనవరి 10న బయట చేరితే అక్టోబరు 17. అందుకే పెళ్ళయిన ప్రతి పిల్లా గోడ క్యాలెండరు మీద పాలలెక్క పక్కన ఈ తేదీ కూడా గుర్తు పెట్టుకోవాలని అంటాను.

మేనరికాలు మన తెలుగువాళ్ళకు ఎక్కువ. మేనమామనో, మేనబావనో చేసుకున్నవాళ్ళు మొదటి పరీక్షనాడే ఆ మాట డాక్టరుకు చెప్పాలి. తలసీమియా అనే రక్తవ్యాధి లక్షణం భార్యాభర్తలిద్దరిలోనూ దాగి వుంటే, ఇద్దరూ పైకి ఆరోగ్యంగానే వుంటారు గాని, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం వుంటుంది. ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ సంగతీ అంతే. మొదటి నెలల్లో తల్లి రక్తం చూసి, అవసరమైతే తండ్రి రక్తం కూడా చూస్తే ముందుగా తెలుస్తుంది. మేనరికం కాకపోయినా ఈ పరీక్ష మంచిదే.

తరవాతి గడువు 18–20 వారాలు. టిఫా స్కాన్ అని మన ఆడవాళ్ళకు ఇప్పటికే తెలిసిన మాటే. తలనుంచి పాదాలదాకా బిడ్డ అవయవాలన్నీ చూస్తారు. దీన్ని ఆలస్యం చెయ్యకూడదనడానికి చట్టం కూడా ఒక కారణం. 1971 నాటి చట్టాన్ని 2021లో సవరించాక, 20 వారాల దాకా ఒక డాక్టరు, 20నుంచి 24 వారాల దాకా కొన్ని తరగతుల స్త్రీలకు ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటే గర్భస్రావం చేయించుకోవచ్చు. 24 దాటితే, బిడ్డలో తీవ్రమైన లోపం వుందని మెడికల్ బోర్డు నిర్ణయించాలి. బిడ్డను ఉంచుకోవాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిన మాట, దాని జోలికి నేను పోను. ఏదైనా ఆలోచించుకోవడానికి వ్యవధి వుండాలి గదా! ఆలస్యంగా తెలిసినవాళ్ళకు ఆ వ్యవధే వుండదు. పుట్టగానే ఆపరేషను కావలసిన లోపమని ముందుగా తెలిస్తే, పెద్ద ఆస్పత్రిలో పురుడు పోసుకునే ఏర్పాటైనా చేసుకోవచ్చు.

స్కానింగు గదిలో “ఆడపిల్లా, మగపిల్లవాడా?” అని మాత్రం అడగకండి. 1994 నాటి చట్టం ప్రకారం అడగడమూ తప్పే, చెప్పడమూ తప్పే. స్కానింగు వచ్చింది బిడ్డ క్షేమం చూడటానికి, వడపోత పోయడానికి కాదు.

ఆ పైన 24–28 వారాల మధ్య చక్కెర పరీక్ష మళ్ళీ చెయ్యాలి. మొదటిసారి బాగున్నవాళ్ళకు కూడా అప్పుడు పెరగవచ్చు. మూడు నెలలు నిండాక ఇనుము మాత్రలు మొదలుపెట్టి, కనీసం 180 రోజులు వేసుకోవాలి. కాఫీ, టీలతో వేసుకుంటే ఒంటికి పట్టవు. ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్లుంటాయి. ఇవన్నీ మాతా శిశు సంరక్షణ కార్డులో రాస్తారు. పుట్టింటికి పురిటికి వెళ్ళేటప్పుడు చీరలపెట్టెలో మొట్టమొదట పెట్టుకోవలసింది ఆ కార్డు.

“మాది పల్లెటూరు, అంత డబ్బెక్కడిది?” అనేవాళ్ళకు ఒక మాట. రక్తం, మూత్రం, పోటు, బరువు వంటివి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. నాలుగో నెల వచ్చినప్పటినుంచి, 2016లో మొదలైన పథకం కింద ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూస్తారు. స్కానింగు యంత్రం ప్రతి చిన్న ఆస్పత్రిలోనూ వుండదు. ఎక్కడికి వెళ్ళాలో, ఏ రోజున వెళ్ళాలో నర్సమ్మనడిగి ముందుగానే రాయించుకోండి.

ఈ తేదీలన్నీ ఒక ఎత్తు, తేదీలతో పనిలేని అపాయ సూచనలు ఒక ఎత్తు. రక్తం కనబడినా, పొత్తికడుపులో ఒకపక్క తీవ్రమైన నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా, జ్వరం వచ్చినా, వేవిళ్ళతో మంచినీళ్ళు కూడా కడుపులో నిలవకపోయినా, ముహూర్తం చూడకుండా ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళాలి.

ఇక ఆ సోదరికి రాసిన సలహా. అత్తగారితో వాదించకండి. ఆవిడనే వెంట రమ్మనండి. “పక్కింటివాళ్ళకు చెప్పొద్దన్నారు, చెప్పను. మూడో నెల కాదు, సీమంతం దాకా చెప్పను. కాని డాక్టరు పక్కింటావిడ కాదు గదా అత్తయ్యా! మీరు తోడుంటే నాకు ధైర్యం” అనండి. ఆచారమూ నిలుస్తుంది, ప్రాణమూ నిలుస్తుంది. ఇక ఆ భర్తగారికి నా మాటగా ఇది చెప్పండి: “పెద్దావిడ చెప్పినట్టు విను” అని తప్పుకుంటే చాలదు నాయనా. తల్లికి నచ్చచెప్పవలసింది నువ్వు. రక్తం గ్రూపు నీది కూడా చూపించుకోవాలి.

గ్రూపు మాట ఊరికే అనలేదు. తల్లిది నెగిటివు, తండ్రిది పాజిటివు అయితే, బిడ్డది పాజిటివయే అవకాశం వుంది. అటువంటి బిడ్డ రక్తం కాస్త తల్లి రక్తంలో కలిస్తే, తల్లి ఒంట్లో దానికి విరోధం పుడుతుంది. ఆ విరోధం తరవాతి బిడ్డ మీద పనిచేస్తుంది. దీన్ని ఆపడానికి యాంటీ–డి అనే ఇంజెక్షను వుంది. 28వ వారంలో ఒకసారి, కాన్పయిన 72 గంటల లోపల మరొకసారి ఇస్తారు. కడుపు పోయినప్పుడు కూడా కొన్ని సందర్భాల్లో ఇవ్వవలసి వుంటుంది. తన గ్రూపేమిటో తనకు తెలియదని ఆమె ఉత్తరం చివర ఎక్కడో ఒక వాక్యం రాసింది. కట్టలోంచి ఆ ఉత్తరాన్ని తీసి విడిగా పెట్టుకున్నది నిజానికి ఆ వాక్యం చూసే.

ఈ శీర్షిక అచ్చుకు వెళ్ళే ముందు ఆమెనుంచి మళ్ళీ ఉత్తరం వచ్చింది. ఈసారి అర పేజీ. అత్తగారు మొదట ఒప్పుకోలేదట, రెండు రోజులు మాట్లాడలేదట, మూడోనాడు పొద్దున్నే తనే చీర మార్చుకుని “పద, బస్సులో ముందు సీటు దొరికితేనే ఎక్కుదాం” అన్నారట. బిడ్డ గుండె కొట్టుకోవడం చూపించారు. ఆమెది నెగిటివు గ్రూపు అని తేలింది. భర్తది పాజిటివు. కిందటిసారి ఇంజెక్షను ఏదీ ఇచ్చినట్టు గుర్తులేదు. విరోధం పుట్టిందో లేదో తెలుసుకోవడానికి రక్తం మళ్ళీ పంపించారు, ఫలితం ఇంకా రాలేదు.

వచ్చాక రాస్తానంది. ఎదురుచూస్తున్నాను. ఫలితం ఏదైనా, చెయ్యవలసింది చెయ్యడానికి డాక్టరుకు ఇంకా ముప్ఫై వారాల పైన వ్యవధి వుంది. ఐదో నెల దాకా ఆగివుంటే అందులో పది పన్నెండు వారాలు వృథాగా పోయేవి. “ఆగితే ఏమవుతుంది?” అని ఆమె అడిగిన ప్రశ్నకు ఇంతకన్న జవాబు నా దగ్గర లేదు.